కౌన్సెలింగుకు వచ్చిన సీటు

అయిలయ్య నడుము నొప్పికి కారణం పద్దెనిమిదేళ్ల కింద చనిపోయిన అతని మేనమామ అని రావులకొండ బస్సు డిపోలో రాతపూర్వకంగా తేలింది. ఫైలు ఉంది. ఫైలు మీద సంతకం ఉంది. సంతకం కింద రబ్బరు స్టాంపు కూడా ఉంది కాబట్టి అది నిజమే అయి ఉండాలి.

అయిలయ్య మాత్రం పదకొండేళ్లుగా వేరే అనుకుంటూ వచ్చాడు. అతను నడిపే పల్లె బస్సులో డ్రైవర్ సీటుకు కుడివైపు స్ప్రింగు విరిగింది. ఫోము ఎప్పుడో పిండిపిండిగా రాలిపోయింది. కూర్చుంటే మనిషి కుడికి ఒరుగుతాడు. ఒరిగిన మనిషి స్టీరింగు కోసం మళ్లీ ఎడమకు లాక్కుంటాడు. రోజుకు తొమ్మిది గంటలు అలా ఒరిగి, లాక్కుని, ఒరిగి, లాక్కుని ఇంటికి చేరేసరికి నడుము అతని మాట వినేది కాదు. బూట్లు విప్పుకోవాలన్నా భార్య సమ్మక్క వంగాల్సిందే. గోనెసంచి మడిచి వేశాడు. పాత ట్యూబు చుట్టి పెట్టాడు. స్ప్రింగు అన్నింటినీ పొడుచుకుని పైకే వచ్చింది.

రూలు ప్రకారం చేయాల్సిందీ చేశాడు. డ్యూటీ దిగాక బండిలో ఉన్న లోపాలు రాసే లాగ్‌షీటులో "సీటు బాగాలేదు" అని రాసేవాడు. మర్నాటికి పక్క గడిలో ఆఫీసువాళ్లు "పరిశీలించబడినది" అని రాసేవాళ్లు. పదకొండేళ్లు అతను అదే రాశాడు, వాళ్లూ అదే రాశారు. ఎవరూ మాట తప్పలేదు.

డిపో స్టోరులో కొత్త సీట్లు లేవా అంటే, ఉన్నాయి. నలభై ఉన్నాయి, మూడేళ్లుగా ప్లాస్టిక్ కవర్లు కూడా విప్పకుండా. అయితే కొత్త సీటు ఇవ్వాలంటే పాతది పనికిరాదని ముగ్గురు సభ్యుల కమిటీ తేల్చాలి. ఆ ముగ్గురిలో ఒకరి పోస్టు మూడేళ్లుగా ఖాళీ. ఇద్దరు కలిసి ఎంత చెప్పినా సీటు పనికివచ్చేదే.

ఇంతలో అయిలయ్యకు రెండుసార్లు సిక్ లీవు అయింది. నడుముకే మూడోసారి పెడితే మెడికల్ బోర్డుకు పంపుతారు. బోర్డు 'అన్‌ఫిట్' అని ఒక్క ముక్క రాస్తే స్టీరింగు పోతుంది. ఇరవై రెండేళ్ల సర్వీసు. స్టీరింగు తప్ప అతనికి మరో పని రాదు. అందుకే పొద్దున్నే రెండు గోలీలు మింగి, నడుముకు సమ్మక్క పాత చీర బిగించి కట్టుకుని, నవ్వుతూ డిపోకు వచ్చేవాడు. ఆ నవ్వు చూసి కండక్టరు రాజమణి అడిగేది:

"అన్నా, ఇయ్యాల నొప్పి ఎక్కువున్నదా?"

"నీకెట్ల ఎరుక చెల్లె?"

"నువ్వు నవ్వుతున్నవ్ గదా."

*

హెడ్డాఫీసు ఒక సర్వే చేసింది. రావులకొండలో యాభై ఒక్కమంది డ్రైవర్లకు నడుము నొప్పి ఉందని తేలింది. ఇప్పుడు రెండే దారులు: సీట్లు మార్చాలి, లేకపోతే మనుషుల్ని మార్చాలి. సరిగ్గా అప్పుడే పైన ఎవరో పెద్దాయన మనసు–దేహం చికిత్స గురించి ఒక ఉపన్యాసం విని వచ్చాడు. నడుము నొప్పిలో మనసుకూ వాటా ఉంటుందన్నది దాని సారం. ఇది వెర్రిమాటేమీ కాదు. దిగులున్న మనిషికి పిసరంత నొప్పి కూడా కొండంత అవుతుందని సమ్మక్కకు సైతం తెలుసు. కానీ మంచి మాట సర్క్యులరుగా మారేటప్పుడు దారిలో ఏదో ఒకటి జారి పడిపోతుంది. ఇక్కడ జారిపడింది సీటు.

"ఇందుమూలముగా డ్రైవర్లందరికీ తెలియజేయునది ఏమనగా," అని నోటీసు బోర్డు మీద పడింది, "మీ నడుమునందలి నొప్పి అణచివేయబడిన కోపము యొక్క బాహ్యరూపమని నిపుణుల సంఘము నిర్ధారించినది. కావున ప్రతి డ్రైవరు తన కోపమును గుర్తించి, ప్రకటించి, నిర్ణీత గడువులోగా విసర్జించవలెను."

డ్రైవర్లు డ్యూటీకి డ్యూటీకి మధ్య నడుం వాల్చే గదిలోంచి మంచాలు తీసేశారు. గోడలకు లేత ఆకుపచ్చ రంగు వేసి, తలుపు మీద 'మనశ్శాంతి మందిరం' అని రాయించారు. నడుము నొప్పికి చికిత్స చేసే గదిలో నడుం వాల్చే వీలు లేకుండా పోయింది.

డిపో మేనేజరు విద్యాధర్ ప్రారంభోత్సవంలో మాట్లాడాడు. మామూలుగా మాట్లాడాల్సిన చోట కూడా ఆయన నోట్ ఫైలులాగే మాట్లాడతాడు.

"సంస్థ మీ వెన్నెముకల పట్ల ప్రత్యేక శ్రద్ధ వహిస్తోంది. మీరు కూడా మీ వెన్నెముకలను సంస్థ ఆశయాలకు అనుగుణంగా మలచుకోవాలి. నెలాఖరులోగా యాభై ఒక్క కోపాలూ పరిష్కారం కావాలని మనకు లక్ష్యం నిర్దేశించబడింది."

పక్కన కూర్చున్న కౌన్సెలరు అభినయ్‌కు ఇరవై ఏడేళ్లుంటాయి. మెత్తని మనిషి. పదిహేను రోజుల శిక్షణ, రెండు వందల పేజీల మార్గదర్శిని పుస్తకం, గోడకు వేలాడే వెన్నెముక బొమ్మ తీసుకుని పట్నం నుంచి వచ్చాడు. ఎవరేం చెప్పినా తలూపుతూ వింటాడు. డిపోలో అంతసేపు వినేవాణ్ని డ్రైవర్లు అంతకుముందు చూడలేదు. చాలామందికి అక్కడే కాస్త నొప్పి తగ్గినట్టయింది కూడా. అది రాసుకోవడానికి ఫారంలో గడి లేదు.

ఆ ఫారం పేరు కోప ప్రకటన పత్రం. మూడు కాపీలు. సంస్థ అధికారులపై, ఆదేశాలపై, నిబంధనలపై ప్రకటించే కోపం క్రమశిక్షణ ఉల్లంఘనగా పరిగణించబడును అని కింద సన్న అక్షరాల్లో ఉంది. అంటే కోపం ఉండితీరాలి, ఇంటి దగ్గర ఉండాలి. ఇంకో నిబంధన కూడా ఉంది. పదకొండోది. కోపానికి కారణమైనవారు స్వయంగా మందిరానికి హాజరై, బాధితుని ఎదుట కుర్చీలో ఆసీనులు కావలెను.

డ్రైవర్లు కోపాల కోసం వెతుక్కోవడం మొదలుపెట్టారు. ఒకతను బావమరిది పేరు రాశాడు. ఇంకొకతను ఇంటిపక్కాయన పేరు రాస్తే, ఆయన ఆనాటి నుంచి నిజంగానే మాట్లాడడం మానేశాడు. కనకయ్య అనే డ్రైవరు ఏమీ తోచక భార్య పేరు రాశాడు. ఆమె వచ్చింది. ఎదుటి కుర్చీలో కూర్చుంది. ఆయన కోపం విని, తర్వాత తన కోపం మొదలుపెట్టి రెండున్నర గంటలు చెప్పింది. అంతవరకు కనకయ్యకు నొప్పి ఎడమవైపే ఉండేది.

*

"నాకు ఎవ్వలి మీద కోపం లేదు సార్," అన్నాడు అయిలయ్య.

"లోపల ఎక్కడో ఉంటుంది. చిన్నతనంలోకి వెళ్లండి," అన్నాడు అభినయ్.

అయిలయ్య కళ్లు మూసుకుని వెళ్లాడు. చాలాసేపటికి ఒకటి దొరికింది.

"పదో తరగతి పాసైతే చేతి గడియారం కొనిస్త అన్నడు మా మేనమామ. కొనియ్యలే."

"బాధేసిందా?"

"నేను పాస్ కాలే సార్."

అయినా పాపం, అభినయ్ రాసుకున్నాడు. ఫారం పైకి వెళ్లింది. మేనమామ హాజరు కావాలని నోటీసు వెళ్లింది. మరణ ధ్రువపత్రం జతచేస్తూ జవాబు వచ్చింది. విద్యాధర్ అయిలయ్యను ఆఫీసులోకి పిలిచాడు.

"చనిపోయినవారిపై కోపమును పరిష్కరించుటకు నిబంధనలలో వీలులేదు. ఏడు రోజుల్లోగా బతికున్నవారిపై కోపాన్ని సమర్పించండి."

"లేకుంటె సార్?"

"చికిత్సకు సహకరించనివారి కేసును నేరుగా మెడికల్ బోర్డుకు నివేదిస్తాం."

అయిలయ్య బయటకు వచ్చాడు. ఒక నొప్పి ఉన్నందుకు లీవు పోయింది, ఇప్పుడు ఒక కోపం లేనందుకు నౌకరీ పోయేట్టుంది.

ఇంటికి వెళ్లి చెప్తే సమ్మక్క బియ్యం ఏరుతూ తలెత్తకుండానే అంది:

"నా పేరు రాయి. వచ్చి కూసుంట."

"నీ మీద నాకేం కోపమే?"

"లేదా? మొన్న కూరల ఉప్పెక్కువైతే మొకం గట్ల వెట్టుకున్నవ్?"

"అది కోపం గాదు, ఉప్పు."

సమ్మక్క చాట పక్కన పెట్టింది. "గీ దిగులుతోటే నీకు సగం నొప్పి. నిద్రల గూడ కుడిపక్కకు ఒరుగుతున్నవ్. గాళ్లు అడిగింది నిజం జెప్పరాదు? నీకు దేని మీద కోపమో నాకెరుక. రోజూ నీ బూట్లు విప్పేది నేను."

*

మర్నాడు గ్యారేజీ దగ్గర చాయ్ తాగుతూ అయిలయ్య ఫారం ముందు పెట్టుకున్నాడు. మెకానిక్ యాకూబ్ చేతులు గుడ్డకు తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు. రాజమణి నిలబడే ఉంది.

"ఏం రాస్తవ్ అయిలన్నా?" అన్నాడు యాకూబ్.

"సీటు మీద కోపమని రాస్త."

"ఛార్జి మెమో ఇస్తరు. సీటు సంస్థది."

రాజమణి ఫారం లాక్కుని సన్న అక్షరాలు పైకి చదివింది. "అధికారులపై. ఆదేశాలపై. నిబంధనలపై. సీటు అధికారా యాకూబ్ భాయ్?"

"గాదు. మూడేండ్ల సంది కొత్త సీట్లు స్టోర్ల గూసున్నయ్ గదా, అవ్వి అధికారులు. ఇది పనిజేసే సీటు."

అయిలయ్య రాశాడు. కోపానికి కారణమైనవారి పేరు: డ్రైవర్ సీటు. వయసు: పదకొండు దాటింది. చిరునామా: నా బస్సు. బాధితునితో సంబంధం అన్న గడి దగ్గర కాస్త ఆగి, 'దగ్గరి' అని రాశాడు.

విద్యాధర్ ఫారం మూడుసార్లు చదివాడు. నిబంధనల పుస్తకం తీశాడు. సీటు అధికారి కాదు, ఆదేశం కాదు, నిబంధన అంతకన్నా కాదు. తిరస్కరించడానికి ఆధారం దొరకలేదు. నెలాఖరు చూస్తే నాలుగు రోజుల్లో ఉంది. యాభై కోపాలు దారిలో పడ్డాయి, ఒక్కటే మిగిలింది.

"స్వీకరించబడినది," అని రాసి, అలవాటు కొద్దీ పదకొండో నిబంధన కింద నోటీసు మీద సంతకం పెట్టాడు. దాని ప్రకారం సీటు గురువారం పది గంటలకు మందిరంలో స్వయంగా హాజరు కావాలి.

నోటీసు సీటుకు అంటించారు. గురువారం తొమ్మిదిన్నరకు యాకూబ్ పానా తీసుకుని బోల్టులు విప్పబోయి ఆగాడు.

"సార్, సీటు తీస్తె పది గంటల ట్రిప్పు ఎట్ల పోతది? అయిలన్న బదులొచ్చే డ్రైవర్ నిలవడి నడుపుతడా?"

ట్రిప్పు రద్దయితే విద్యాధర్ మీదికే మెమో వస్తుంది. ఆయన మళ్లీ పుస్తకం తీశాడు. సీటు చెడిపోలేదు. మాయం కాలేదు. సంస్థ పని మీద వేరే చోటికి వెళ్తోంది, అంతే. సంస్థ పని మీద బయటికి వెళ్లిన సిబ్బంది స్థానంలో, వారు తిరిగి వచ్చేంతవరకు ప్రత్యామ్నాయాన్ని నియమించవచ్చు. దానికి కమిటీ అక్కర్లేదు.

మూడేళ్లలో మొదటిసారి స్టోరు తలుపు తెరుచుకుంది. యాకూబ్ కొత్త సీటు కవరు చింపుతుంటే గ్యారేజీ అంతా పనులు ఆపి చూసింది.

*

నిబంధన ప్రకారం కారణమైనవారు కుర్చీలో ఆసీనులు కావాలి కాబట్టి పాత సీటును కుర్చీ మీద పెట్టి, పడిపోకుండా తాడు కట్టారు. హాజరు పట్టీలో సీటు తరఫున యాకూబ్ సంతకం పెట్టాడు. అయిలయ్య ఎదురుగా కూర్చున్నాడు.

"చెప్పండి," అన్నాడు అభినయ్. "దాని కళ్లలోకి... దానివైపు చూసి చెప్పండి."

అయిలయ్యకు సిగ్గేసింది. గొంతు సవరించుకున్నాడు. సీటును చూశాడు. చిరిగిన రెగ్జిన్, తను కుక్కిన గోనెసంచి పీచు, తుప్పు పట్టిన స్ప్రింగు మొన.

"పదకొండేండ్లు," అన్నాడు మెల్లగా. "నా పెండ్లాం పక్కన గూసున్నదానికన్న నీ మీద గూసున్నదే ఎక్కువ. నేనేం అడిగిన నిన్ను? నిటారుగ గూసోనియ్యమన్న. గంతే గదా."

అభినయ్ తలూపాడు.

"మా బిడ్డ లగ్గంనాడు అల్లుని కాళ్లు కడగాలె. వంగరాలే నాకు. వందమంది జూస్తున్నరు. ఆ పిలగాడు సమజ్ చేసుకుని, ఎవ్వలకు జెప్పకుంట పళ్లెం తానే తీసి ఒక మోకాలు మీద వెట్టుకున్నడు, రెండో కాలు లేపి అండ్ల వెట్టిండు. ఫోటోల మంచిగనే వచ్చింది. నాకు మాత్రం ఇంట్ల ఆ ఫోటో వెట్టబుద్ధి గాదు."

అభినయ్ కలం మూత పెట్టేశాడు. కాసేపటికి గుర్తొచ్చి పుస్తకం తిరగేశాడు. మూగవారు హాజరైనప్పుడు వారి స్థానంలో కౌన్సెలరు కూర్చుని, వారి పక్షాన మాట్లాడాలని నూట నలభయ్యో పేజీలో ఉంది. అతను బూట్లు విప్పి, కుర్చీ ఎక్కి, సీటు మీద కూర్చున్నాడు.

"అయిలయ్యగారూ, నన్ను..." అని మొదలుపెట్టి కుడికి ఒరిగాడు. ఎడమకు లాక్కున్నాడు. "నన్ను క్షమించ..." మళ్లీ ఒరిగాడు. పది నిమిషాలు కూర్చోవాలని పుస్తకంలో ఉంది. కూర్చున్నాడు, మంచివాడు కదా. దిగేటప్పుడు గోడ పట్టుకుని దిగాడు.

"రోజుకు ఎన్ని గంటలు?" అని అడిగాడు.

"తొమ్మిది."

అభినయ్ ఫారంలో 'సయోధ్య కుదరలేదు, చికిత్స కొనసాగించాలి' అని రాశాడు. అది రాసేటప్పుడు పుస్తకం చూడలేదు.

*

మూడు వారాలు గడిచాయి. కొత్త సీటు మీద అయిలయ్య నిటారుగా కూర్చుని బస్సు నడిపాడు. మొదటి వారం గోలీలు ఒకటికి దిగాయి. రెండో వారం చీర కట్టు పోయింది. మూడో వారం ఇంటికొచ్చి బూట్లు తనే విప్పుకుంటే, సమ్మక్క వాకిట్లో నిలబడి చూసి, లోపలికి వెళ్లి చాయ్ పెట్టింది.

విద్యాధర్ సంతోషానికి అంతు లేదు. నెలాఖరు దాటిపోయిన మాట నిజమే గానీ, యాభై ఒక్కమందిలో నిజంగా నొప్పి పోయినవాడు అయిలయ్య ఒక్కడే.

"చికిత్స సత్ఫలితాన్నిచ్చింది. ముగింపు పత్రంపై సంతకం చేయండి. కోపం చల్లారిన తదుపరి సీటు విధులలో తిరిగి చేరుతుంది."

అయిలయ్య కలం పట్టుకుని ఆగిపోయాడు. సంతకం పెడితే పాత సీటు వచ్చి బస్సులో కూర్చుంటుంది. నొప్పి ఇంకా ఉందంటే మెడికల్ బోర్డు. ఫారం కిందా పైనా చూశాడు. నొప్పికి ఒక గడి, కోపానికి ఒక గడి. నొప్పి గడిలో 'లేదు' అని రాశాడు. కోపం గడిలో 'ఉంది' అని రాశాడు.

"ఇది అసంబద్ధం," అన్నాడు విద్యాధర్. "కోపం వల్లనే నొప్పి అని సర్క్యులరు. కోపం ఉండగా నొప్పి పోవడానికి వీల్లేదు."

"పోయింది సార్. నేనేం జేయాలె?"

విద్యాధర్ అభినయ్‌వైపు చూశాడు. అభినయ్ చొక్కా గుండీ సర్దుకున్నాడు.

"చికిత్స నడుస్తున్న దశలో నొప్పి ముందు పోతుంది సార్, కోపం తర్వాత పోతుంది. మధ్యలో ఆపితే నొప్పి తిరగబెడుతుంది. అప్పుడు మన నివేదిక తప్పవుతుంది."

నివేదిక తప్పవుతుందన్న మాట విద్యాధర్‌కు అర్థమైంది. సీటును మందిరంలోనే ఉంచమని ఆదేశించాడు, బాధితుని కోపం పూర్తిగా చల్లారేంతవరకు.

ఆ సోమవారం పొద్దున మేనేజరు గది ముందు లైను కట్టింది. యాభై మంది డ్రైవర్లు. బావమరుదుల మీద, తమ్ముళ్ల మీద, ఇంటిపక్కవాళ్ల మీద కోపాలు వాపసు తీసుకుంటున్నామని రాసుకొచ్చారు. అందరికీ సీటు మీదే కోపమట, ఇన్నాళ్లూ లోపలెక్కడో అణగి ఉండి తెలియలేదట. కనకయ్య అందరికంటే ముందున్నాడు. అతన్ని భార్యే పంపింది. ఒకే బస్సు నడిపే ఇద్దరు వస్తే ఉమ్మడి కోపం కింద రాసుకున్నారు.

ముప్పై ఎనిమిది బస్సుల సీట్లూ మందిరంలోకి చేరాయి. స్టోరులోంచి ముప్పై ఎనిమిది ప్రత్యామ్నాయాలు బయటికొచ్చాయి. హెడ్డాఫీసు నుంచి చూడడానికి వచ్చిన పెద్ద అధికారి, వరుసల్లో కుర్చీలకు కట్టేసి ఉన్న సీట్లను చూసి, "సామూహిక చికిత్సా?" అని అడిగాడు. అవునన్నాడు విద్యాధర్. రావులకొండకు ఉత్తమ మనశ్శాంతి డిపో అని ఫలకం వచ్చింది. దాన్ని పెట్టడానికి మందిరంలో జాగా లేక, ఒక సీటు ఒళ్లో పెట్టారు.

*

ఇప్పుడు అయిలయ్యకు ఒకటే కష్టం. ప్రతి సోమవారం తొమ్మిదింటికి మందిరానికి వచ్చి, కోపం ఇంకా ఉందని చెప్పాలి. మొదట్లో తేలిగ్గానే చెప్పాడు. కానీ నడుము హాయిగా ఉన్న మనిషికి కోపం ఎన్నాళ్లని నిలుస్తుంది? పైగా అబద్ధం చెప్పడం రాదు. ఏడో సోమవారం వచ్చి కూర్చునేసరికి ఎదురుగా సీటు మీద దుమ్ము పేరుకుంది. స్ప్రింగు ఇంకాస్త వంగింది. చూస్తుంటే జాలేసింది. అది మాత్రం ఏం చేస్తుంది, పదకొండేళ్లు తన బరువు మోసింది.

"కోపం ఎలా ఉంది అయిలయ్యగారూ?" అన్నాడు అభినయ్.

అయిలయ్య నోరు తెరిచి, మూశాడు. గుమ్మంలో సంచీ భుజానికేసుకుని నిలబడిన రాజమణి ఒకడుగు లోపలికి వేసింది. అందరి కోపాలకూ ఇతని కేసే ఆధారం, ఇతను 'పోయింది' అంటే ముప్పై ఎనిమిది సీట్లు లేచి బస్సుల్లోకి నడుస్తాయి.

అభినయ్ సొరుగులోంచి దారంతో కట్టిన పాత కాగితాల కట్ట తీసి సీటు మీద పెట్టాడు. "కారణమైనవారి పూర్వ చరిత్ర పరిశీలించాలని పుస్తకంలో ఉందండీ. రికార్డు రూములో దొరికాయి."

అయిలయ్య లాగ్‌షీట్లు. దుమ్ము దులిపి తిరగేశాడు. 'సీటు బాగాలేదు.' పరిశీలించబడినది. 'సీటు బాగాలేదు, నడుము నొస్తుంది.' పరిశీలించబడినది. 'దయచేసి సీటు చూడగలరు.' పరిశీలించబడినది. ఒకచోట తన అక్షరాలు వంకరపోయి ఉన్నాయి. బిడ్డ పెళ్లి మర్నాటి తేదీ. 'సార్, వంగలేకపోతున్నాను.' పక్క గడిలో అదే గుండ్రటి చేతిరాత, అదే నీలం సిరా, అదే మాట.

అయిలయ్య కట్టను జాగ్రత్తగా మళ్లీ దారం చుట్టి సీటు మీదే పెట్టాడు. సీటు మీది దుమ్ము అరచేత్తో ఒకసారి తుడిచాడు.

"ఉన్నది సార్," అన్నాడు. "చాలున్నది."

ఈసారి అబద్ధం కాదు. ఆ కోపం ఎవరి మీదో రాయడానికి మాత్రం ఫారంలో చోటు లేదు, కింద సన్న అక్షరాలు ఒప్పుకోవు. అభినయ్ అడగలేదు. 'చికిత్స కొనసాగుతున్నది' అని రాసి కాగితం తిప్పాడు.

సంతకం పెట్టి అయిలయ్య లేచాడు. కలం కింద పడింది. వంగి తీసి బల్ల మీద పెట్టి, ట్రిప్పుకు టైమవుతోందని బయటికి నడిచాడు.